రెండో దారి నిజంగా రెండోదేనా?

2021 నవంబరు వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడులో రైలు కట్ట కొట్టుకుపోయింది. ఆ దగ్గర్లోనే జాతీయ రహదారికీ గండి పడింది. చెన్నై–విజయవాడ మార్గంలో రైలూ బస్సూ రెండూ నిలిచిపోయాయి. ఫైబర్ లైన్ల బాగోగులు చూసే ఉద్యోగం నాది. ఆ వార్త విన్నప్పటి నుంచీ కేబుల్ మ్యాపు తెరిస్తే ముందు నదులే చూస్తున్నాను.

కేబుల్ తెగితే వెంటనే పట్టుకునే ఏర్పాటు ఉంది. టెలికాం సంస్థలు వాడే ఎంపీఎల్ఎస్ పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌కూ చిన్న లేబుల్ తగిలిస్తారు. దారిలోని రూటర్లు చిరునామా వెతక్కుండా లేబుల్ చూసి ముందుకు పంపేస్తాయి. టెలికాం రవాణా నెట్‌వర్కుల కోసం దీన్ని మలిచిన రూపమే ఎంపీఎల్ఎస్-టీపీ. దీని గొప్పతనమంతా నిఘాలో ఉంది. పట్టాల మీదే నడుస్తూ పట్టాలను పరీక్షించే గ్యాంగ్‌మన్‌లా, తనిఖీ ప్యాకెట్లు డేటా వెళ్లే దారిలోనే వెళ్తాయి. 3.33 మిల్లీసెకన్లకొకటి పంపేలా పెడితే, వరసగా మూడు రాకపోగానే లింకు పోయిందని తేలిపోతుంది. 50 మిల్లీసెకన్లలోపు డేటా ముందే సిద్ధంగా ఉంచిన రెండో దారి పడుతుంది. ఫోన్లో మాట్లాడేవాళ్లకు తెలియను కూడా తెలియదు.

తెగడం ఒక్కటే జబ్బు కాదు. ప్యాకెట్లు కొన్ని రాలిపోతుండవచ్చు, ఆలస్యం కావచ్చు, పొరపాటున వేరే దారిలోకి పోవచ్చు. వీటన్నిటికీ వేర్వేరు పరీక్షలున్నాయి. 2012లో అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ఈ నిఘా పనికే రెండు ప్రమాణాలను ఆమోదించింది. కాబట్టి రెండు చివర్లా వేర్వేరు కంపెనీల పెట్టెలుంటే, రెండూ ఒకే ప్రమాణం పాటిస్తున్నాయో లేదో ముందే చూసుకోవాలి.

ఇంత చురుకైన నిఘాకూ ఒక సంగతి తెలియదు. రెండు దారులూ ఒకే వంతెన మీదుగా పెన్నా నది దాటుతుంటే తెరమీద రెండూ పచ్చగానే కనిపిస్తాయి. వంతెన పోతే రెండూ కలిసే పోతాయి. అది కనిపెట్టాల్సింది మ్యాపు గీసిన మనిషి. పల్లెలకు ఫైబర్ వేసే భారత్‌నెట్‌కు 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరణ పథకంలో, ఒక వైపు తెగినా మరో వైపు నుంచి డేటా అందే రింగులూ ఉన్నాయి, పదేళ్ల నిర్వహణా ఉంది. మంచిదే. కానీ రింగు రెండు వైపులనూ ఒకే గట్టున పాతితే అది కాగితం మీది రింగే.

మన తీరానికి తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. సెప్టెంబరులోనే ఒక అర్ధరాత్రి, అన్నీ బాగున్నప్పుడే, డేటాను కావాలని రెండో దారికి మళ్లించి చూడండి. పరీక్షించని రెండో దారిని లెక్కలో వేసుకోవద్దు.