నెహెమ్యా అయిదో అధ్యాయం ఎవరు చదవాలి?

యవ్వనస్థులకు నాయకత్వ శిక్షణ అంటే నెహెమ్యా పాఠం తప్పదు. కూలిన యెరూషలేము గోడ సంగతి విని ఏడ్చాడు, ప్రార్థన చేశాడు, రాజు దగ్గర సెలవు తీసుకున్నాడు, జనాన్ని వంతులేసి నిలబెట్టాడు, యాభై రెండు రోజుల్లో గోడ లేపాడు. దీంట్లోంచి దర్శనం, ప్రణాళిక, క్రమశిక్షణ అని మూడు లక్షణాలు తీసి బోర్డు మీద రాస్తారు. పిల్లోళ్ళు నోటుబుక్కుల్లో ఎక్కించుకుంటారు. పాఠం అయిపోతుంది.

అయితే నాలుగో అధ్యాయానికీ ఆరో అధ్యాయానికీ నడుమ అయిదోది ఒకటుంది. దాన్ని మాత్రం దాటేసి పోతారు. అక్కడ కరువు ఉంది. గోడ కట్టే జనమే ఆడోళ్ళతో సహా మొరపెట్టుకుంటారు. తిండిగింజల కోసం పొలాలు, ఇండ్లు కుదువబెట్టినామంటారు. రాజు పన్నుకు అప్పు చేసినామంటారు. బిడ్డల్ని దాస్యానికి పంపినామంటారు. ఆ అప్పులిచ్చింది పరాయోళ్ళు కాదు, సొంత జాతి పెద్దలే. నెహెమ్యా ఆ పెద్దల్ని సభలో నిలదీసి పొలాలు, వడ్డీ తిరిగి ఇమ్మంటాడు. తానూ తనవాళ్ళూ అప్పులిచ్చిన సంగతి దాచుకోడు. అధికారిగా తనకు రావాల్సిన భత్యం పన్నెండేండ్లు ముట్టుకోడు. కర్నూలు, కడప జిల్లాల దళిత క్రైస్తవ యువతకు నాయకత్వం నేర్పాలంటే ఈ అధ్యాయం నుంచే మొదలుపెట్టాలని నా వాదన.

ఇది బయటినుంచి తెచ్చి అతికించే మాట కాదు. 1876-78 కరువు మద్రాసు రాజధానిలో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాల్ని ఘోరంగా దెబ్బతీసింది. అప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని కరువు జనానికి పని పెట్టాడు. ఆ పనిలో జనాన్ని నడిపింది ఆయన దగ్గరి తెలుగు బోధకులే. కూటికోసం మతంలో చేరినారనే మాట రాకుండా కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆ ఉద్యమం పాకిన కంభం, మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లావే. కాబట్టి ఇది పక్క జిల్లా కథ అనుకోనక్కర్లేదు.

ఆ అంకె పక్కన క్లో పేరే వినిపిస్తుంది. కానీ 1866లోనే బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య ఎవరు? తోళ్ళ వ్యాపారం చేస్తూ ఊరూరా తిరిగిన మాదిగ. అంతకుముందే రాజయోగ మార్గంలో నడిచి తనవాళ్ళలో గురువుగా గౌరవం పొందినవాడు. క్లో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లో 1899లో అచ్చువేసిన పుస్తకంలో మాదిగల ఈ యోగ సంప్రదాయం గురించి రాసింది. అంటే నాయకత్వం మిషను బంగళాలో పుట్టలేదు. గేరిలో పుట్టి బంగళా దాకా నడిచిపోయింది. ఇప్పటి శిక్షణలో ఈ వరస తలకిందులైంది. నాయకత్వం పైనుంచి దిగాలి, కింద ఉన్నోళ్ళు నోట్సు రాసుకోవాలి!

ఆ నోటుబుక్కులోకి రాని సంగతులు చూద్దాం. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి పోయిన కుటుంబాలు గుంటూరు మిరప చేలల్లో ఉంటాయి. వాళ్ళతోపాటే పిల్లల చదువూ పోతుంది. కడప నుంచి తల్లులు ఇంటిపనికి కువైట్ పోతారు. వాళ్ళ బిడ్డలే ఆదివారం పాటలు పాడే యవ్వనస్థులు. ఊరొదిలేదాకా తెచ్చిన అప్పు ఎవరి దగ్గరిది, వడ్డీ ఎంత అని యువజన సంఘం ఎన్నడన్నా అడిగిందా?

సర్టిఫికెట్ సంగతి ఇంకా కఠినం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. రాష్ట్రంలో వాళ్ళను బి.సి. 'సి'లో పెట్టి ఒక శాతం ఇచ్చారు. అట్రాసిటీ చట్టం రక్షణ కూడా ఈ హోదాతోనే ముడిపడి ఉంది. 2025లో ఒక పాస్టరు పెట్టిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే చెప్పింది. మతం మారితే కులం పోయిందంటుంది చట్టం. తిట్టేటోనికి, కొట్టేటోనికి మాత్రం మాల మాలే, మాదిగ మాదిగే. అబద్ధమాడొద్దని నేర్పే గుడిలోనే పిల్లోడు సంఘం రిజిస్టరులో ఒక పేరు, కాలేజీ కాగితంలో ఇంకో పేరు మోస్తున్నాడు. ఈ భయం గురించి నోరు విప్పని శిక్షణ ఏ ధైర్యం నేర్పుతుంది?

మన లోపలి పెద్దల్నీ అడగాలి. నంద్యాల, జమ్మలమడుగు వైపు ఎస్పీజీ, ఎల్లెమ్మెస్ మిషన్ల సంఘాల్లో మాలలు ఎక్కువ, ఒంగోలు, కంభం బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. మిషన్లు పోయినా ఆ గీత చెరగలేదు. 1994లో దండోర లేచాక కూడా యువజన కూటాల్లో ఈ మాట ఎత్తితే ఐక్యత చెడుతుందన్నారు. మాట్లాడకుండా నిలిచేది ఐక్యత కాదు, పెద్దోళ్ళ పెత్తనం. ఆడపిల్లల సంగతీ అంతే. 2013లో నంద్యాలకు ఇ. పుష్పలలిత బిషప్పయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పు మన కరువు నేల మీదే కూర్చుంది. మరి ఊరి సంఘంలో ఆడపిల్ల పాటల పుస్తకం దగ్గరే ఎందుకు ఆగాలి, లెక్కల పుస్తకం దాకా ఎందుకు రాకూడదు?

గుడిలో రాజకీయాలెందుకని కాపరులు అంటారు. నెహెమ్యా గోడ పని నడుస్తుండగానే వడ్డీ లెక్క అడిగాడు కదా! ఇక ఉద్యమకారులం మనమూ తక్కువేం కాదు. గుడి అనగానే మత్తుమందు అని కొట్టిపారేస్తాం. గేరిలో పిల్లోడు వారంవారం లేచి నిలబడి నలుగురిలో మాట్లాడే చోటు అదొక్కటే అయిన ఊళ్ళున్నాయి. ఆ చోటును వదులుకుంటే దాన్ని ఫ్యాక్షను జీపు పట్టుకుపోతుంది.

కాబట్టి అడిగేది కొద్దిగనే. వచ్చే శిక్షణలో బోర్డు మీద మూడు లక్షణాలు రాసే ముందు అయిదో అధ్యాయం బిగ్గరగా చదవండి. ఊరి అప్పులు, సుగ్గికి పోయిన ఇండ్లు, బడి మానిన పిల్లలు, సంఘం జమాఖర్చులు — ఈ నాలుగు పట్టికలూ యవ్వనస్థులతోనే రాయించండి. సర్టిఫికెట్ చట్టం వాళ్ళకు విప్పి చెప్పండి. ఆ పట్టికలు పట్టుకుని మొదట మననే ప్రశ్నిస్తారు. ప్రశ్నించనీయండి. గోడ ఆ తర్వాత కట్టొచ్చు.