తండాకు పోయిన డిటెక్టివ్

జంతువుల చేత నేర పరిశోధన చేయించడం ఇంగ్లీషు పుస్తకాల నుంచి వచ్చిన అలవాటని చాలామంది అనుకుంటారు. నిజమే, వాల్టర్ బ్రూక్స్ 1932లోనే ఫ్రెడ్డీ అనే పందికి ఆ ఉద్యోగం ఇచ్చాడు. ఈవ్ టైటస్ 1958లో బేసిల్ అనే ఎలుకను షెర్లాక్ హోమ్స్ ఇంటి అడుగున కాపురం పెట్టించింది. ఆ ఎలుక తర్వాత మెక్సికో దాకా పోయి కేసులు తేల్చింది. కానీ వీళ్లందరికంటే చాలా ముందే రుగ్వేదం పదో మండలంలో సరమ ఉంది. పోయిన ఆవుల జాడ తీయడానికి ఇంద్రుడు పంపిన ఆడకుక్క. రస అనే నదిని దాటి, పణుల చోటికి చేరి, వాళ్లతో ముఖాముఖి వాదిస్తుంది. చెల్లెలివై ఇక్కడే ఉండిపో, ఆవుల్లో వాటా ఇస్తామన్నా ఒప్పుకోదు. పరాయి నేల, పోయిన సొత్తు, లంచం: డిటెక్టివ్ కథకు ఇంకేం కావాలి?

నేను పిల్లలకు రాసే కథల్లో డిటెక్టివ్ కూడా కుక్కే. పేరు కంచు. జనగామ పక్కనున్న పెంబర్తిలో, ఇత్తడి రేకుల మీద బొమ్మలు తేల్చే ఇళ్ల మధ్య పెరిగింది. రేకు కింద వేసే లక్క వాసన, ఇత్తడి తోమే చింతపండు వాసన నిద్రలోనైనా పసిగడుతుంది. సొంతూళ్లో దానికి ఎదురులేదు. తంటా అంతా కాజీపేట మీదుగా రైల్లో పోయి మానుకోటలో దిగి, అక్కడి బంజారాల తండాకు చేరిన తర్వాతే.

డిటెక్టివ్ కథకు దొంగ కావాలి. కొత్తచోటికి పోయిన డిటెక్టివ్ ఆ దొంగను అక్కడివాళ్లలోనే వెతుకుతాడు. పిల్లల కథే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోలేను. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం ఎరుకలవాళ్ల వంటి జాతులకు పుట్టుకతోనే దొంగలనే ముద్ర వేసింది. బంజారాల్లో కొందరికీ అది తప్పలేదు. 1952లో ఆ చట్టం పోయింది గానీ ఊళ్లో ఏదైనా పోతే ముందు ఎవరి వైపు చూస్తారో అందరికీ తెలిసిందే. అసలు నన్నయ భారతంలో కథ మొదలయ్యేదే ఇలాంటి అన్యాయంతో. యాగం దగ్గరికి వచ్చిన సరమ కొడుకును, ఏ తప్పూ చేయని కుక్కపిల్లను, జనమేజయుడి తమ్ముళ్లు కొడతారు. ఎందుకు కొట్టారని తల్లి వెళ్లి అడుగుతుంది. అందుకే తండాలో జరిగే నా కథల్లో దొంగ ఉండడు.

మరి మిస్టరీ ఎక్కడిది? తీజ్ పండుగలో దొరికింది. వానాకాలంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. అందులోనే ఒక తంతు ఉంది. అమ్మాయిలు నానబెట్టిన శనగలను రేగుముళ్లకు గుచ్చుతుంటే, బావ వరసవాళ్లు కొమ్మను ఊపుతూ ఆటపట్టిస్తారు. కంచు వెళ్లేసరికి నేలంతా చిందిన శనగలు, విరిగిన ముళ్లు, మగపిల్లల అడుగులు. ఇంకేముంది, పూజ చెడగొట్టారని కేసు కట్టేస్తుంది. నిందితులు నలుగురు, వాసనలతో సహా. అప్పుడు తండా ముసలికుక్క ఆవులిస్తూ వస్తుంది. "తమ్మీ, నీ ముక్కు మంచిదే. కొమ్మ ఎవరు ఊపిండ్రో చెప్పింది. ఎందుకు ఊపిండ్రో అదెట్ల చెప్తది?"

ఈ కథను బళ్లో చదివితే తమాషాగా ఉంటుంది. తండా పిల్లలకు రెండో పేజీలోనే గుట్టు తెలిసిపోతుంది. నోరు నొక్కుకుని, పక్కనున్న ఊరి పిల్లలు తికమకపడటం చూసి నవ్వుతారు. తరగతిలో సగంమందికి అది మిస్టరీ, సగంమందికి హాస్యకథ. రోజూ వెనక బెంచీలో మెదలకుండా కూర్చునే పిల్ల ఆ గంటసేపు అందరికీ పంతులమ్మ. బేసిల్ కథల్లో నాకు నచ్చనిది ఇదే. ఎక్కడికి పోయినా తెలివంతా లండన్ నుంచి మోసుకెళ్లిన ఎలుకదే. నన్నడిగితే, ఊరు దాటిన డిటెక్టివ్, హోమ్స్ వెంట నడిచే వాట్సన్ అయిపోవాలి. కేసు తేల్చే పని ఆ ఊరి జంతువుది.

భూపాలపల్లి వైపు కథలకు తాబేలును డిటెక్టివ్‌గా పెట్టాను. పిల్లలు వెంటనే కాళేశ్వరం కేసు తెచ్చారు. అక్కడి గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ముక్తేశ్వర లింగానికున్న నాసికా రంధ్రాల్లో ఎన్ని నీళ్లు పోసినా పైకి రావని, నేల కిందుగా పోయి గోదావరి, ప్రాణహితల సంగమంలో కలుస్తాయని భక్తుల నమ్మకం. తాబేలును లోపలికి పంపి కనుక్కోమంటారు. ఆ కేసు మాత్రం నేను తీసుకోలేదు. ఎవరూ ఫిర్యాదు చేయని చోట విచారణ దేనికి?

తాబేలును నది దాటించాను, సిరొంచ ఒడ్డుకు. ఇప్పుడు అది మహారాష్ట్రలో ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ మాట్లాడే పిల్లల మధ్య. అవతలి ఒడ్డున దానికి తెలివి చెప్పే జంతువు ఏదో ఇంకా తేలలేదు. కొంగను పెడదామని ఉంది, గానీ మా పిల్లలు ఎలుగుబంటి కావాలంటున్నారు.