స్పర్శ లేని చెయ్యి: గ్రాహం గ్రీన్ నవలపై కొన్ని మాటలు

"ఈ రోగం రావడంలో కూడా దేవుడి ఉద్దేశం ఏదో ఉంది" అని రోగిని ఓదార్చేవారిని వైద్యులమైన మేము తరచు చూస్తుంటాం. మంచి మనసుతోనే అంటారు. మంచం మీద ఉన్నవాడికి ఆ మాట ఎలా వినబడుతుందో మాత్రం ఎవరూ అడగరు. అడిగిన నవల గ్రాహం గ్రీన్ రాసిన 'ఎ బర్న్ట్ ఔట్ కేస్'.

1926లో కాథలిక్ మతం పుచ్చుకున్న గ్రీన్, 1959లో బెల్జియన్ కాంగోలోని యోండా కుష్ఠురోగుల ఆశ్రమంలో కొన్నాళ్లుండి వచ్చి ఈ నవల రాశాడు. అక్కడి డాక్టరు మిషెల్ లెషాకే అంకితమిచ్చాడు. పేరులోని మాట వైద్యులదే: రోగం వేళ్లను తినేసి తానూ చల్లారిపోగా మిగిలిన మనిషి. డాప్సోన్ మందు రోగాన్ని అణచగలదు గాని పోయిన వేళ్లను మొలిపించలేదు. నయమవడం అంటే మునుపటిలా కావడం కాదు.

కథానాయకుడు క్వెరీ చర్చిలు కట్టి పేరు తెచ్చుకున్న ఆర్కిటెక్టు. విశ్వాసం, ప్రేమ, పని మీద ఆసక్తి అన్నీ చచ్చి ఆశ్రమానికి చేరతాడు. అతని నౌకరు దేవో గ్రాసియాస్‌కు వేళ్లు లేవు. ఆ పేరును తెలుగులో చెబితే "దేవునికి స్తోత్రం". ఒక రాత్రి అడవిలో పడిపోయి కదలలేకున్న అతన్ని క్వెరీ వెతికి, తెల్లవారేదాకా పక్కనే ఉంటాడు. ఆ తర్వాతే ఆస్పత్రి కట్టడానికి ఒప్పుకుంటాడు.

మన వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1946 తర్వాత చేసిన పని తెలిసినవారికి ఇందులోని అర్థం ఇంకా స్పష్టమవుతుంది. కుష్ఠులో వేళ్లు వాటంతట అవి కుళ్లి రాలవని, నొప్పి తెలియక తగిలే దెబ్బలవల్లే పోతాయని ఆయన చూపించాడు. క్వెరీ మనసుదీ అదే స్థితి. నొప్పి తెలియడమే అతనికి స్వస్థతకు మొదటి గుర్తు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో పౌలు తన ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, పని ఆగలేదు. గ్రీన్ క్రైస్తవం ఈ కోవలోది.

క్వెరీని పుణ్యాత్ముడని కొనియాడే రైకర్ చేతి తుపాకీకే అతడు బలికావడం కాకతాళీయం కాదు. లోపమున్న మనిషిని లోపంతో చూడలేని భక్తి ఎంత ప్రమాదమో అక్కడ తెలుస్తుంది. ఇటుకలు లెక్కపెట్టుకునే ఫాదర్లు, దేవుణ్ణి నమ్మని డాక్టర్ కోలిన్ అతనికి ఎక్కువ మేలు చేస్తారు.

అయితే మాకొక అభ్యంతరముంది. నవలలో ఇంతమంది రోగులుండగా దాదాపు ఎవరికీ సొంత గొంతు లేదు. 1960లో స్వతంత్రం కాబోతున్న దేశంలో, అవిటివాడి బ్రతుకు తెల్లవాడి ఆత్మకు మెట్టుగా మిగిలితే, అది మొదట చెప్పిన ఓదార్పుకంటే ఏం మెరుగు? దేవో గ్రాసియాస్ అడవిలోకి వెళ్లింది పెండెలే అనే చోటును వెతుక్కుంటూ. అంటే అతనికీ ఒక గమ్యముంది. గ్రీన్ దాని గుమ్మందాకా వెళ్లి ఆగిపోయాడు.

అయినా చదవవలసిన నవల. మార్కులు, జీతాలు, ఇళ్ల కొలతలతో మనుషుల్ని తూచడం అలవాటైన మన ఇళ్లలో మరీ చదవాలి. లోపానికి ప్రయోజనం ఉందని ఇంకొకరికి బోధించే హక్కు మనకు లేదు. ఆ రాత్రి పక్కన కూర్చునే బాధ్యత మాత్రం ఉంది.