పితామహుల బిట్ బ్యాంకు

కిందటి వేసవిలో గోలేటిలో అమ్మావాళ్లింటికి వెళ్లినప్పుడు పక్క క్వార్టర్ అమ్మాయి ఒక పుస్తకం పట్టుకొచ్చింది. టీచర్ పోస్టుల పరీక్షకి చదువుతోంది. "అక్కా, నువ్వు ఇంగ్లీషు లిటరేచర్ల పీహెచ్‌డీ చేసినవ్ గదా, జర బిట్లడుగు" అంది. అడగడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు కవిత్వ పితామహుడు? చాసర్. ఇంగ్లీషు విమర్శ పితామహుడు? డ్రైడెన్. నవలా పితామహుడు? ఫీల్డింగ్. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. పేజీ అయిపోయాక ఊరికే "మరి అమ్మలెవరు?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి "అది బిట్టు రాదక్కా" అంది.

ఆ జవాబు నన్ను చాలారోజులు వదల్లేదు. ఒకప్పుడు నేనూ ఈ బిట్లు కంఠస్థం చేసినదాన్నే. ఈ పితృత్వాలు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని నన్ను ఏ పరీక్షలోనూ అడగలేదు. నేనూ అడగలేదు.

చాసర్‌ని ఇంగ్లీషు కవిత్వానికి తండ్రి అన్నది జాన్ డ్రైడెన్. 1700లో తన 'ఫేబుల్స్'కి రాసిన ముందుమాటలో అన్నాడు. అప్పటికి చాసర్ చనిపోయి మూడువందల ఏళ్లు. ఆ డ్రైడెన్‌ని విమర్శకి తండ్రి అన్నది శామ్యూల్ జాన్సన్, 1779-81 మధ్య వెలువడిన కవుల జీవితచరిత్రల్లో. అంటే పెద్దాయనకి బిరుదిచ్చినవాడికి తర్వాతి తరం బిరుదిచ్చింది. బొగ్గుబాయి ఊళ్లలో పెరిగినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. తండ్రి నౌకరీ కొడుక్కి రావడాన్ని మేం 'డిపెండెంట్ ఉద్యోగం' అంటాం. సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది, ఆ తర్వాత కారుణ్య నియామకాలు వచ్చాయి. సాహిత్య చరిత్రలో వారసత్వ ఉద్యోగాలని మాత్రం ఏ కోర్టూ కొట్టేయలేదు.

డ్రైడెన్ కాలంలోనే అఫ్రా బెన్ ఉంది. రాతమీద బతికిన తొలి ఇంగ్లీషు స్త్రీలలో ఒకామె. 1680లో డ్రైడెన్ ముందుమాటతో వచ్చిన ఓవిడ్ లేఖల అనువాద సంకలనంలో ఆమె రచన కూడా ఉంది. ఆమెకి లాటిన్ రాదని చెబుతూనే, వచ్చిన మేమే సిగ్గుపడేలా రాసిందన్న అర్థంలో డ్రైడెన్ మెచ్చుకున్నాడు. అంటే ఆమె ఎవరో అతనికి తెలుసు. ఆమె 'ఒరూనొకో' 1688లో వచ్చింది, 'రాబిన్సన్ క్రూసో' కంటే 31 ఏళ్లు ముందు. 1689లో చనిపోతే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోనే సమాధి చేశారు. కాని చాసర్, డ్రైడెన్ ఉన్న కవుల మూలలో కాదు, బయటి నడవాలో. స్త్రీలంతా ఆ సమాధి మీద పూలు చల్లాలని వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాయాల్సి వచ్చింది. మనకీ ఇది తెలిసిన కథే. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902 నాటిది. తొలి కథ ఏదన్న బిట్టుకి మాత్రం చాలాకాలం ఒకటే జవాబు.

అలాగని బెన్‌ని 'నవలా మాత'ని చేసి ఇంకో బిట్టు చేర్చితే సరిపోతుందా? 'ఒరూనొకో' బానిసగా అమ్ముడుపోయిన ఆఫ్రికన్ రాజకుమారుడి కథ. అతను రాజవంశీకుడు కాబట్టి కథకురాలికి అతనంటే గౌరవం. మామూలు బానిసల మీద ఆ గౌరవం లేదు. మాత అని పూలదండ వేస్తే ఈ సంగతి దండ కిందకి పోతుంది. మనకి కావాల్సింది ఇంకో పటం కాదు, ఇంకో రకం ప్రశ్న.

అదే పుస్తకంలో మాటల పుట్టుక మీద కూడా బిట్లున్నాయి. 'ఈ పదం ఏ భాషలోంచి వచ్చింది?' జవాబు: లాటిన్. అంతే. 'డిపెండెంట్' కూడా లాటిన్ నుంచి వచ్చినదే. వేలాడడం అని దాని మూలార్థం. మెడలో వేలాడే పెండెంట్ కూడా ఆ మూలం నుంచే వచ్చింది. మా కాలనీలో ఈ మాట రెండు రకాలుగా వాడతారు. కొడుకు డిపెండెంట్ అంటే నౌకరీ రాబోతున్నవాడు. భార్య డిపెండెంట్ అంటే హాస్పిటల్ కార్డు మీద పేరున్న మనిషి. 'లేడీ' అన్న మాట మొదట్లో రొట్టెపిండి పిసికే మనిషి, 'లార్డ్' ఆ రొట్టెకి కాపలాదారు. ఫస్ట్ షిఫ్టుకి టిఫిన్ కట్టడానికి తెల్లారకముందే లేచిన మా అమ్మకి ఈ సంగతి చెబితే, "గిప్పుడు గూడ అంతే గదనే" అంది.

నాన్న బాయిలో ఓవర్‌మేన్‌గా చేశాడు. అందులోని 'మేన్' మగవాడేనని మాకెవరికీ సందేహం రాలేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఆ మాటకి ఆడా మగా తేడా లేకుండా మనిషి అని అర్థం. మగవాడికి 'వెర్', స్త్రీకి 'వీఫ్' అని వేరే మాటలుండేవి. 'వీఫ్‌మన్' మారి మారి 'వుమన్' అయింది. 'వెర్' మాత్రం తోడేలుగా మారే మనిషి కథల్లో, 'వేర్‌వుల్ఫ్'లో మిగిలింది. మగవాడు తన మాట వదిలేసి మనిషన్న మాటని తీసుకున్నాడు. మనం ఇంగ్లీషుని వేలెత్తి చూపేముందు మన వ్యాకరణం కూడా చూసుకోవాలి. చిన్నయసూరి చెప్పిన మహత్తుల్లో మగవాళ్లే ఉన్నారు. అందుకే అతను వచ్చాడు, ఆమె వచ్చింది, లారీ వచ్చింది.

చట్టం కూడా ఇదే వ్యాకరణంలో నడిచింది. స్త్రీలు భూగర్భంలో పనిచేయకూడదని బ్రిటన్ 1842లో, బ్రిటిష్ ఇండియా 1937లో నిషేధించాయి. రక్షణ కోసమన్నారు. యుద్ధానికి బొగ్గు చాలకపోయేసరికి 1943లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. యుద్ధం అయ్యాక 1946లో మళ్లీ పెట్టారు. 1952 గనుల చట్టం కూడా వద్దనే అంది. 2019లో సాంకేతిక, పర్యవేక్షక, మేనేజర్ పనులకి షరతులతో, పగటిపూట అనుమతించారు. అలా దిగిన స్త్రీని కూడా ఓవర్‌మేన్ అనే పిలవాలి.

మరి ఆ అమ్మాయికి నేనేం చెప్పాలి? పరీక్షలో చాసర్ అనే గుర్తు పెట్టమన్నాను. ఒక్క మార్కుతో పోస్టు పోయిన వాళ్లని ఆ వీధిలోనే చూశాను. ఆమె ఎవరి కార్డు మీదా డిపెండెంట్‌గా ఉండకూడదంటే ముందు ఆ మార్కు కావాలి. దాన్ని నా స్త్రీవాదం కోసం పోగొట్టుకొమ్మనే హక్కు నాకు లేదు.

కాని ఆ బిట్లు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ప్రశ్నపత్రాలు తయారుచేసేది యూనివర్సిటీల్లో, కాలేజీల్లో ఉన్న మనమే. నేనూ చేశాను. తొందరలో పాత పేపరు చూసి 'పితామహుడెవరు' అని రాసిచ్చిన రోజులున్నాయి. ఈసారి నా వంతు వస్తే ఇలా అడుగుతాను: చాసర్‌ని ఇంగ్లీషు కవిత్వానికి తండ్రి అన్నది ఎవరు? కింద నాలుగు పేర్లిస్తాను, వాటిలో అఫ్రా బెన్ పేరు ఉంటుంది. అది తప్పు జవాబే. అయినా ఆమె ఎవరని ఒక్క అమ్మాయైనా వెతుక్కుంటుంది. అదీ ఒక మార్కు ప్రశ్నే కదా.