కోలోఫన్: గ్రంథం తన గురించి చెప్పుకునే మాట

ఇంగ్లీషులో పుస్తకాలకు సంబంధించిన అరుదైన మాటల్లో ‘కోలోఫన్’ ఒకటి. గ్రంథం ముగిసినచోట దాని పేరు, కర్త, లేఖకుడు లేదా ముద్రాపకుడు, స్థలం, కాలం వంటి వివరాలు చెప్పే వాక్యానికి అది పేరు. గ్రీకులో దీనికి శిఖరం, తుదిమెరుగు అని అర్థాలు. ఆసియా మైనరులో ఇదే పేరుగల పట్టణపు అశ్వికదళం ఏ పక్షాన దిగితే యుద్ధం ఆ పక్షానికి తేలిపోయేదని, అందుకే పని ముగించడాన్ని ‘కోలోఫన్ పెట్టడం’ అనేవారని స్ట్రాబో రాశాడు. ఐరోపాలో 1457 నాటి మైంజ్ కీర్తనల గ్రంథం ముద్రణ తేదీని, ముద్రాపకులైన ఫుస్ట్, షోఫర్‌ల పేర్లను ఇలా చివర ప్రకటించింది.

తెలుగు కావ్యంలో ఈ పని చేసేది ఆశ్వాసాంత గద్య, అంటే ప్రతి అధ్యాయం చివరా కవి తన్ను తాను పరిచయం చేసుకునే వచనం. పోతన గద్యలో ఈశ్వర కరుణవల్ల అబ్బిన కవిత్వం, తండ్రి కేసన మంత్రి, సహజ పాండిత్యం, కవి పేరు, గ్రంథం పేరు, స్కంధం వరుసగా ఒకే వాక్యంలో ఒదుగుతాయి. శ్రీనాథుడు తండ్రి మారయతోపాటు తాత కమలనాభుణ్ణీ స్మరిస్తాడు. ఇది పదేపదే రావడంలో ఒక ప్రయోజనం ఉంది: తాళపత్రాల కట్టలో ముందుగా అరిగేవి, విరిగేవి పైనా కిందా ఉండే ఆకులే కాబట్టి, మొదలూ తుదీ పోయినా నడుమ గద్య ఒక్కటి మిగిలితే గ్రంథం ఏదో, ఎవరిదో తెలుస్తుంది.

భాగవతంలో పంచమ స్కంధం గంగనదని, షష్ఠం సింగయదని, చివరి రెండూ వెలిగందల నారయవని పాఠకుడికి చెప్పేవి ఆ గద్యలే. అయితే గద్య ఒక్కటే చూసి కర్తను తేల్చడం అన్నిచోట్లా కుదరదు. ఎఱ్ఱన మహాభారతంలోని ఆరణ్యపర్వ శేషాన్ని నన్నయ రచనగానే పూరించి, తన సంగతిని పర్వం చివరి పద్యాలకు వదిలాడు.

కవి గద్య తరవాత నకలు రాసిన లేఖకుడి మాట వస్తుంది. అతడు సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం రాస్తాడు. కానీ ప్రభవాది నామాలు 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కనుక, శక సంవత్సరం లేనిచోట ఆ తిథి ఆ వారంనాడే పడిన ఏడాది ఏదో లెక్కగట్టి కాలాన్ని నిర్ణయించాలి. చూసిన ప్రతిలో ఉన్నట్టే రాశానని, తప్పు తనది కాదని, నడుము వంచి, మెడ వాల్చి రాసిన పుస్తకాన్ని నూనెనుంచీ నీటినుంచీ వదులు కట్టునుంచీ కాపాడమని, మూర్ఖుడి చేతికి ఇవ్వవద్దని వేడుకునే సంప్రదాయ శ్లోకాలు దేశమంతటా లేఖకులకు కంఠస్థం.

అచ్చు పుస్తకంలో ఈ వివరాలు ముఖపత్రం వెనక్కి చేరి, ‘ప్రథమ ముద్రణ’, ‘ప్రతులు’, ‘వెల’ అన్న పంక్తులయ్యాయి. ముద్రాపకుడి పేరు, ముద్రణ స్థలం తప్పనిసరిగా వేయాలని 1867 చట్టం నిర్దేశించింది. నేడు హైదరాబాదు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల జిరాక్సు నోట్సు కొనే విద్యార్థికీ ఈ పంక్తులతో అవసరం ఉంది. రాసిందెవరో, ఏ ఏటిదో, ఏ వెర్షన్‌కు సరిపోతుందో చెప్పే మాట అందులో లేకపోతే, పాఠం తప్పో, కేవలం పాతబడిందో అతడు తేల్చుకోలేడు.