‘పొలిస్’ నుండి ‘ఆబాద్’ వరకు: సికింద్రాబాద్ నామవిచారం

నగరార్థక గ్రీకు పదం ‘పొలిస్’ పలు ఐరోపా భాషల ఊరిపేర్లలో ప్రత్యయప్రాయంగా నిలిచింది. సెవాస్టోపోల్‌లో అది స్పష్టం. నేపుల్స్ (నెయాపొలిస్), గ్రెనోబుల్ (గ్రాతియానోపొలిస్) పేర్లలో గుర్తుపట్టలేనంతగా అరిగిపోయింది. సంస్కృత ‘పుర’ శబ్దం దీనికి సజాతీయమని తులనాత్మక భాషాశాస్త్రం భావిస్తుంది.

1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట ఏర్పడిన సికింద్రాబాద్‌ది భిన్నమైన స్థితి. ఇక్కడ ఉత్తరపదం పారశీక ‘ఆబాద్’. పూర్వపదం ‘సికందర్’ మాత్రం గ్రీకు ‘అలెగ్జాండ్రోస్’కు పశ్చిమాసియా భాషల మీదుగా వచ్చిన రూపాంతరం. తొలి ‘అల్’ను అరబ్బీ ఉపపదంగా భ్రమించడం వల్లనే ఈ రూపం ఏర్పడిందని ప్రసిద్ధ వివరణ.

కనుక ఉత్తరపదాన్ని మాత్రమే చూసి ఈ పేరును పారశీకమని వర్గీకరించడం అసమగ్రం. ఉత్తరపదం పాలనాభాషను సూచిస్తుంది. పూర్వపదం పేరు నడిచివచ్చిన దారిని చెబుతుంది. రెండింటినీ కలిపి చదవడమే గ్రామనామ పరిశోధనకు సరైన పద్ధతి.