విత్తనపు సంచి చీటీ: ఒక సమీక్ష

పుస్తకమును సమీక్షించినట్లే విత్తనపు సంచికి కుట్టిన చీటీని కూడ సమీక్షింపవచ్చును. చదువువాని పంట దానిపై ఆధారపడియున్నది గదా!

కడప జిల్లా మైలవరము ప్రాంతపు నల్లరేగడి నేలలలో రబీ కాలమున శనగ విత్తుదురు. ధ్రువీకృత విత్తనమైనచో సంచికి రెండు చీటీలుండును. మొదటిది విత్తన సంస్థ వేసినది. మొలకశాతము, శుద్ధి అందు కానవచ్చును. 1966 నాటి విత్తన చట్టము ప్రకటిత రకములకు దీనిని తప్పనిసరి చేసినది. రెండవది ధ్రువీకరణ సంస్థ ఇచ్చు నీలిచీటీ. ఇది ఉత్పత్తిదారుడు కోరినప్పుడే లభించును. కావున చీటీ ఉన్న ప్రతి సంచియు ధ్రువీకృతమని తలపరాదు.

శనగ విషయమున ఈ చీటీలు చాలవరకు తమ పని చేయుచున్నవి. ధ్రువీకృత విత్తనమున శుద్ధి 98, మొలక 85 శాతమునకు తగ్గరాదు. నూరు గింజలను తడిగుడ్డలో మొలకెత్తించి విద్యార్థులే లెక్క సరిచూడవచ్చును.

బంగాళాదుంప కడ లోపము బయటపడును. విత్తనపు దుంప గింజ కాదు, భూమిలో ఊరిన కాండము. తల్లిమొక్కలోని వైరస్ దుంపలో దాగి పిల్లమొక్కకు చేరును. దుంప మాత్రము పైకి నిగనిగలాడుచుండును. అందుచే పరీక్ష చేనిలోనే జరుగవలెను. ప్రమాణములు కనీసము నాలుగు తనిఖీలు కోరుచున్నవి. మూడవది, మొక్కల కాడలను గడువులోగా కోసినారా యని చూచుటకు. వైరస్‌ను మోయు పేనుబంక 100 ఆకులకు 20 పురుగులకు చేరకముందే కాడలు కోయవలెను.

ఈ చరిత్రలో నీలిచీటీ కెక్కిన దెంత? రకము, తరగతి, లాటు సంఖ్య, తేదీలు, ఉత్పత్తిదారుని చిరునామా. తనిఖీలో కనబడినదేమో, చేను ఎచ్చటిదో అందు లేదు. 1961లో నీలగిరులలో దుంపతిత్తి నులిపురుగు బయటపడినది. పిదప అచటి విత్తనపు దుంపల రవాణాపై ఆంక్షలు వచ్చినవి. పుట్టినచోటు తెలియుట ఎంత ముఖ్యమో ఇందువలన తెలియును.

ఈ చీటీ అబద్ధమాడదు. అవసరమైన మాట చెప్పదు. చేని స్థలము, తనిఖీల ఫలితము రెండు పంక్తులలో చేర్చుట కష్టము కాదు. శనగకును ఇది మేలే. ఎండుతెగులు శిలీంధ్రము గింజ వెంట రాగలదు. మొలకశాతము ఆ మాట చెప్పజాలదు. అంతవరకు లాటు సంఖ్యయే ఆధారము. పంట ఇల్లు చేరువరకు చీటీని పారవేయరాదని ఉపాధ్యాయులు పిల్లలకు, పిల్లలు పెద్దలకు చెప్పవలెను.